పొన్నలంక తెప్ప మీద చేతికుట్టు

మొదటి రోజు

ఉదయం తొమ్మిదీ పదికి సాలీడు ఆగిపోయింది. మూడో కుట్టు సగంలో ఉండగా దాని ఎనిమిది చేతుల్లో ఆరు గాలిలో నిలబడిపోయాయి. మిగతా రెండు కాసేపు వణికి, అవీ ఆగాయి.

బల్ల మీద ఉన్నది నూకరత్నం. కాలికి మాత్రమే మత్తు ఇచ్చాం కాబట్టి మెలకువగానే ఉంది. పైకప్పు వైపు చూస్తూ, "అయిపోయిందాండి?" అని అడిగింది.

"లేదమ్మా. యంత్రం మొరాయించింది."

"మా ఇంజను పడవలాగానేనన్నమాట. ఓ తన్ను తన్నించండి."

యంత్రాలు చూసే గంగరాజు నిజంగానే కాలెత్తాడు. వద్దన్నాను. సగంలో ఉన్న దారం లాగేసి, పైచర్మం నేనే కుట్టి మూసేశాను. చర్మం కుట్టడం నాకు వచ్చు. లోపలిది రాదు. అర మిల్లీమీటరు నాళాన్ని మరో అర మిల్లీమీటరు నాళానికి, వెంట్రుకలో ఐదోవంతు దారంతో కలపడం ఈ ఆరేళ్లలో నేను ఒక్కసారీ చేయలేదు. ఏది దేనితో కలపాలో తెర మీద చూపించి "ఊ" అనడమే నా పని. కుట్టేది సాలీడు. ఆసుపత్రి దినచర్య రాసేది కూడా అదే. ఇవాళ అది రాయలేదు కాబట్టి డాక్టర్ వీరవేణి అనే నేను పెన్నుతో రాస్తున్నాను. చేతిరాత అసహ్యంగా ఉంది.

రెండో రోజు

గంగరాజు సాలీడు చేతులు విప్పి చూశాడు. కీళ్ల నిండా ఉప్పు పేరుకుంది. "కొత్త చేతులు రావాలండి. ఓడ మీద రావాలి" అన్నాడు. ఆషాఢంలో సముద్రం లేచిందంటే కార్తీకం దాకా ఓడ రాదు. అంటే నాలుగు నెలలు. వెంట్రుకను తాడంత చేసి చూపే సాలీడు కన్ను, తెర మాత్రం పనిచేస్తున్నాయి.

జాబితాలో పద్నాలుగు మంది ఉన్నారు. అందరికంటే ముందు నూకరత్నం పేరు పెట్టడానికి కారణముంది. ఎడమ కాలు వాచి మూడేళ్లయింది. రెండు నెలలకోసారి చలిజ్వరం వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కాలు కొంచెం గట్టిపడుతుంది. ఇప్పటికైతే పిక్క మీద వేలితో నొక్కితే గుంట పడుతోంది, అంటే ఇంకా మెత్తగానే ఉంది. మొత్తం కర్రలా బిగుసుకుపోతే లోపలి నాళాలు చచ్చిపోతాయి. అప్పుడు ఎవరు కుట్టినా లాభం లేదు.

ఇదంతా ఆమెకు చెప్పాను. "ఒంట్లో నెత్తురుతోబాటు తేటనీరు కూడా పారుతుంది నూకరత్నం. నీ కాల్లో ఆ దారులు పూడుకుపోయాయి. పూడికకు కిందనే చిన్న దారి చేసి, నీటిని పక్కనున్న నెత్తురు సిరలో కలిపేస్తే కాలి వాపు తగ్గుతుంది."

"బోదె తవ్వడమే కదండి. మా తాత చేలో తవ్వేవోడంట." తన కాలు చూసుకుంది. "బోదకాలికి బోదె. బాగుందండి. మరి ఎప్పుడు తవ్వుతారు?"

ఎప్పుడో నాకు తెలియదని చెప్పలేక, త్వరలో అన్నాను.

ఆమె అడగడం ఊరికే కాదు. ఊరు మునిగాక మేమంతా ఉంటున్న ఈ తెప్పను పట్టి ఉంచే లంగరు గొలుసుల అడుగుదాకా దిగగలిగేది ఆమె ఒక్కతే. కాలు వాచిన ఏడాదికి ఈతకు వేసుకునే రెక్కచెప్పు ఎక్కడం మానేసింది. మిగతా ఈతగాళ్లు సగం లోతుదాకా వెళ్లి వస్తారు. దక్షిణం గొలుసు అడుగు ఎలా ఉందో రెండేళ్లుగా ఎవరూ చూడలేదు.

నాలుగో రోజు

"కృపావరం మేడమ్ ఉన్నారు కదండి" అని గంగరాజే గుర్తుచేశాడు.

సాలీడు రాకముందు ఈ పని ఆవిడ చేత్తో చేసేది. పన్నెండేళ్ల క్రితం యంత్రం వచ్చిన వారంలోనే ఆసుపత్రి వాళ్లతో పోట్లాడి మానేసింది. తెప్ప పడమటి అంచున పగిలిన బేసిన్లలో తోటకూర పెంచుతూ ఉంటుంది. డెబ్బై ఒక్కేళ్లు. నేను వెళ్లేసరికి కూర కోస్తోంది, ఎడమ చేత్తో. కుడిచెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా వాచి, బిగుతు తొడుగులో రెండింతలు లావుగా ఉంది. ఏడేళ్ల క్రితం రొమ్ము క్యాన్సరుకు చంకలో గ్రంథులు తీసేశారు. అప్పటి నుంచీ అంతే.

"చచ్చిందటగా నీ సాలీడు" అంది, తల ఎత్తకుండానే.

"ఆగింది మేడమ్. నాకు నేర్పండి."

ఆవిడ ఇంకో రెండు మొక్కలు కోసింది. తర్వాత లోపలికెళ్లి ఆవగింజ తెచ్చి నా చూపుడువేలి గోరు మీద పెట్టింది. నేను రెండు అంకెలు లెక్కపెట్టేలోగా అది దొర్లి పడిపోయింది.

"రోజుకు ఎన్ని టీలు తాగుతావు?"

"ఐదు."

"ఇవాళ్టితో సరి. రేపు పొద్దున్నే నేను ఆసుపత్రికి వస్తాను. గోళ్లు తీసుకుని ఉండు."

పదకొండో రోజు

టీ లేక తలనొప్పి. మొదటి నాలుగు రోజులు రబ్బరు తొడుగు ముక్క మీద కుట్లు, తర్వాత సన్నని గొట్టం మీద. సాలీడు కన్ను కింద నా చేతులు కొండల్లా కనిపిస్తాయి. చిన్న వణుకు కూడా తెర మీద భూకంపమే.

మేడమ్ నా వెనక కుర్చీలో కూర్చుంటుంది. ఎడమ చేతిలో వెదురు పుల్ల. మోచెయ్యి లేస్తే పుల్లతో తడుతుంది. "చెయ్యితో కుట్టకు. వేళ్లతో కుట్టు. ఊపిరి వదిలేటప్పుడే సూది దిగాలి." ముడి వేశాక ఆవిడ తెర వైపు చూసి, "విప్పు" అంటుంది. ఈ వారమంతా ఆవిడ నోట నేను ఎక్కువగా విన్న మాట అదే.

ఇవాళ ఒక కుట్టు విప్పమనలేదు. సంచి తీసుకుని ఇంటికి వెళ్లింది. గంగరాజు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పండగలా ఉంది.

పంతొమ్మిదో రోజు

గొట్టం నుంచి కోడికాళ్లకు వచ్చాను. కోడితొడలోని సన్నని రక్తనాళం మనిషి నాళానికి దగ్గరగా ఉంటుందట. తెప్ప మీద కోళ్లు తక్కువ. సంగతి తెలిశాక, కూరకు కోసిన ప్రతి ఇంటివాళ్లూ ముందు కాళ్లు ఆసుపత్రికి పంపి, నేను కుట్టాక తిరిగి పట్టుకెళ్తున్నారు.

నూకరత్నం ఫిర్యాదు చేసింది. "మీ దారం మా కూరలో వచ్చిందండి."

"ఆ దారం కంటికి కనపడదు కదమ్మా."

"కనపడలేదండి. కానీ ఉందని తెలుసు కదా. గొంతులో గీరుకుంటా ఉంది."

ఇరవై ఆరో రోజు

నూకరత్నానికి చలిజ్వరం. ముగ్గురు పట్టుకుని తెచ్చారు. మూడు దుప్పట్లు కప్పినా మంచం ఊగిపోయేంత వణుకు. కాలు మోకాలి దాకా ఎర్రగా కాలిపోతోంది. ఇంజక్షన్లు మొదలుపెట్టాను. ఆమె జోకు వేయలేదు. దానికే నాకు భయమేసింది.

ముప్పయ్యో రోజు

జ్వరం దిగింది. కాలు నొక్కి చూశాను. చీలమండ లోపలి వైపు గుంట పడలేదు.

"గట్టిపడిపోయిందాండి?" అని అడిగింది.

"చీలమండ దగ్గర గట్టిపడింది. పిక్క మీద ఇంకా మెత్తగానే ఉంది."

"ఇంకోసారి జ్వరం వస్తే?"

నేను పిక్క మీద మళ్లీ నొక్కి చూశాను. ఆమె కాలు కిందికి దించి చీర సర్దుకుంది. "అయితే మీరు తొందరగా నేర్చుకోండి డాట్రుగారూ. నాకు కోపం లేదు. ఊరికే చెబుతున్నానంతే."

సాయంత్రం దాకా కోడికాలు వదల్లేదు. మేడమ్ కూడా లేవలేదు.

ముప్పై తొమ్మిదో రోజు

మేడమ్ పరీక్ష పెట్టింది. వరసగా ఐదు నాళాలు కలపాలి. ఒక్కోదానిలోకి నీలం సిరా నీళ్లు ఎక్కించి చూస్తుంది. నాలుగింట్లో చుక్క కారలేదు. ఐదోదాని పక్కనుంచి నీలం బొట్టు బయటికి వచ్చింది.

మళ్లీ మొదటికి వచ్చిందనుకున్నాను. చేతిలో పట్టకారు కింద పెట్టేశాను.

"ఎందుకు కారింది?" అని అడిగింది మేడమ్.

"రెండో కుట్టుకీ మూడోదానికీ మధ్య ఎడం ఎక్కువైంది."

"కారాక తెలిసిందా, కుట్టేటప్పుడే తెలిసిందా?"

"కుట్టేటప్పుడే. కానీ అలసిపోయి వదిలేశాను."

ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. "అయితే నీకు పని వచ్చింది. అలసిపోతే ఆగి, లేచి నిలబడి, మంచినీళ్లు తాగి రా. ఎల్లుండి నూకరత్నాన్ని రమ్మను."

నలభై ఒకటో రోజు

కాలివేళ్ల సందుల్లో రంగుమందు ఎక్కించాం. సాలీడు కన్ను కింద అది ఆకుపచ్చగా వెలుగుతుంది. చీలమండ దగ్గర వెలుగు మంచులా చెదిరిపోయింది, అక్కడ దారి లేదు. పిక్క మీద మాత్రం మూడు గీతలు, వరిమడి గట్ల మీద దీపాలు పెట్టినట్టు, తిన్నగా పైకి పాకాయి. అక్కడ రెండు సెంటీమీటర్లు కోశాను.

మొదటి నాళం నా చేతిలో చిరిగిపోయింది. సూది దించాను, లాగాను, అంతే. గంగరాజు నా నుదురు తుడిచాడు. వెనక కుర్చీ కిర్రుమనలేదు. మేడమ్ కదల్లేదన్నమాట. నేను లేచి నిలబడి మంచినీళ్లు తాగి వచ్చాను.

"మాట్లాడొచ్చాండి?" అంది నూకరత్నం.

"కాలు కదపకుండా మాట్లాడు."

"దక్షిణం గొలుసు కింద బడి ఉందండి. పాత పొన్నలంక బడి. పైకప్పు లేదు గాని బల్లలు అలాగే ఉన్నాయి. బల్లకి రెండేసి చేపలు కూచుంటాయి. నేను దిగితే లేవవండి. మేష్టారు వచ్చారనుకుంటాయేమో మరి."

ఆమె చెబుతూనే ఉంది. ఏ చేప ఏ బల్ల, నల్లబల్ల మీద నత్తలు ఎక్కడెక్కడ అంటుకున్నాయి. ఆ గొంతు ఆగకుండా సాగుతుంటే నా వేళ్లు కూడా ఒక చాలులో పడ్డాయి. రెండో నాళానికి ఆరు కుట్లు వేశాను. నీరు రాకుండా బిగించిన పట్టు తీశాను.

ముందు ఏమీ కాలేదు. సిరలో నెత్తురు ఎర్రగా అలాగే నిలబడి ఉంది. తర్వాత కుట్టు దగ్గర ఎరుపు కొంచెం పలచబడింది. తేటనీరు సిరలోకి దూరి నెత్తురును ముందుకు నెట్టుకుంటూ వెళ్లింది. చూస్తుండగానే ఆ సిర గాజు గొట్టంలా తేటగా అయిపోయింది.

గంగరాజు గట్టిగా నవ్వేశాడు. నూకరత్నం, "ఏమైందండి, నా బడి సంగతికేనా?" అంది.

"నీళ్లు పారాయి నూకరత్నం."

వెనక్కి తిరిగి చూశాను. మేడమ్ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. నేను చూడడం చూసి, "ఇంకొకటి మిగిలింది. అటు తిరుగు" అంది.

మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. సాలీడుకైతే గంట.

నలభై తొమ్మిదో రోజు

కట్టు విప్పి కొలిచాం. పిక్క చుట్టుకొలత రెండున్నర సెంటీమీటర్లు తగ్గింది. సాగి నున్నగా మెరిసే చర్మం వదులై ముడతలు పడింది. నూకరత్నం వాటిని వేలితో తడుముతూ కూర్చుంది.

"ముడతలొచ్చాయని సంబరపడే ఆడదాన్ని నేనొక్కదాన్నేనండి" అంది.

బిగుతు మేజోడు పగలంతా వేసుకోవాలని, కాలికి గాయం తగలనివ్వకూడదని, తగ్గాల్సింది ఇంకా ఉందని చెప్పాను. అన్నిటికీ "ఆయ్" అంది. గుమ్మం దాటాక ఆమె పాట మొదలుపెట్టిన సంగతి ఆసుపత్రి మొత్తానికి తెలిసింది.

డెబ్బై రెండో రోజు

జాబితాలో ఎనిమిది మందికి అయింది. ఆరుగురికి బాగా తగ్గుతోంది, ఒకరికి కొంచెం. సత్తియ్యగారికి తగ్గలేదు. ఆయన కాలిది ఇరవయ్యేళ్ల వాపు, లోపల నాళం దొరకనేలేదు. ఆ మాటే ఆయనకు చెప్పాను. "వెతికారు కదండి, అది చాలు" అన్నాడాయన. రోజూ కట్టు కట్టించుకోవడానికి వస్తున్నాడు. కట్టుతోనే జ్వరాలు తగ్గాయి.

ఇవాళ గోడమీది జాబితాలో అడుగున కొత్త పేరు కనిపించింది. వంకర అక్షరాలు, ఎడమ చేత్తో రాసినవి. "కృపావరం. కుడిచెయ్యి."

పడమటి అంచుకు పరుగెత్తాను. ఆవిడ బేసిన్లలో నీళ్లు పోస్తోంది.

"ఏడేళ్లు ఎందుకు ఆగారు మేడమ్? సాలీడు చేసేది కదా."

"దాని మీదే పోట్లాడి వచ్చాను. పోట్లాడినదాని ముందు చెయ్యి చాపి పడుకోమంటావా? పొగరు అనుకో, పరవాలేదు. పొగరే."

"ఇంకో రెండు నెలల్లో ఓడ వస్తుంది. అది నాకంటే బాగా..."

"బాగానే కుడుతుంది, కాదనను. నాకు నువ్వు కుట్టు. ఎల్లుండి కాదు, శుక్రవారం పెట్టు. గురువారం నాకు తోటకూర కోసే పని ఉంది."

డెబ్బై ఆరో రోజు

ఎవరికి కుట్టినా ఇంత భయం వేయలేదు. ఆవిడ బల్ల మీద పడుకుని తల పక్కకు తిప్పి తెర చూస్తూ ఉంది.

"ఆ సిర వద్దు, లోపల కవాటం సరిగా లేదు. దాని పక్కది తీసుకో. మోచెయ్యి లేచింది. వేణీ, మోచెయ్యి."

నాలుగు నిమిషాలు భరించాను. "మేడమ్, ఇవాళ మీరు రోగి."

ఆవిడ తెర వైపు నుంచి తల తిప్పుకుంది. "నిజమే" అంది. కాసేపటికి గంగరాజు నా మోచేతిని తాకి అటు చూడమని సైగ చేశాడు. ఆవిడ నిద్రపోయింది. నా ఎదురుగా, నా సూది కింద, చిన్న గురక పెడుతూ.

మూడు చోట్ల కలిపాను. మూడింట్లోనూ నీళ్లు పారాయి.

తొంభై ఎనిమిదో రోజు

నూకరత్నానికి రెక్కచెప్పు ఎక్కింది. కొంచెం బిగుతుగా ఉంది గాని ఎక్కింది. గాలిగొట్టం నోట పెట్టుకుని దక్షిణం గొలుసు దగ్గర దిగింది. తెప్పలో సగం మంది అంచు మీద నిలబడ్డారు. గొట్టం ఇరవై నిమిషాల పాటు మెల్లగా లోపలికి పోతూనే ఉంది. తర్వాత ఆగింది. నేను ఆమె కాలి గురించి కాదు, ఆమె గురించి ఆలోచించాను.

పైకి వచ్చి తెప్ప అంచు పట్టుకుని గొట్టం తీసేసింది. నవ్వడం లేదు.

"గొలుసుని అడుగున కలిపే కొక్కెం అరిగిపోయిందండి. నా చిటికెన వేలంత మిగిలింది. ఈ వారంలోనే మార్చాలి."

తెప్ప పెద్దలు వెంటనే కొలిమి వెలిగించారు. 

నూట ఒకటో రోజు

మూడు రోజుల్లో కొత్త కొక్కెం తయారైంది. దాన్ని తాడుకు కట్టి దించితే కింద బిగించింది ఆమే. పైకి వచ్చాక నేను కాలు చూస్తానంటే, "ముందు అన్నం పెట్టించండి" అంది.

నూట పదమూడో రోజు

నిన్న తుపాను. పగలంతా దక్షిణపు గాలి. తెప్ప మొత్తం దక్షిణం గొలుసు మీద వేలాడింది. ఆసుపత్రిలో మందు సీసాలన్నీ గంగరాజు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి గాలి తగ్గింది. కొట్టుకుపోయినవి మేడమ్ బేసిన్లు మాత్రమే.

ఇవాళ అందరూ నూకరత్నం ఇంటి ముందే ఉన్నారు. ఒకరు పండుగప్ప తెచ్చారు, ఒకరు రొయ్యల వేపుడు, ఇంకొకరు బెల్లం గవ్వలు. ఆమె ఇబ్బంది పడిపోతోంది. "కొక్కెం నేను చేశానా? కొలిమి వాళ్లకి పెట్టండి" అంటోంది. వాళ్లకీ పెట్టారు. మేడమ్ రెండు చేతుల్తోనూ గిన్నె పట్టుకుని తింటూ కనిపించింది. కుడిచెయ్యి సగానికి సగం తగ్గింది. ఎవరూ దాని గురించి మాట్లాడకుండా ఆవిడే చూసుకుంది, కూరలో కారం తక్కువైందని పోట్లాడుతూ.

నూట ముప్పై నాలుగో రోజు

మొన్న ఓడ వచ్చింది. గంగరాజు రెండు రోజుల్లో కొత్త చేతులు బిగించాడు. సాలీడు లేచి గంటలో ఒక కాలు చక్కగా కుట్టేసింది. పక్కనే కూర్చుని చూశాను. దాని కుట్లు నావాటికంటే బాగున్నాయి. అసూయ వేస్తుందనుకున్నాను గాని, వేయలేదు. ఇంటికి వెళ్లి ఒక టీ తాగాను.

ఓడవాళ్లు మొగలిలంక తెప్ప నుంచి ఒక కబురు తెచ్చారు. అక్కడ బోదకాళ్లు ఉన్నవాళ్లు ముప్పైమంది పైనే, చేతులు వాచినవాళ్లు నలుగురు. యంత్రం లేదు, అది వచ్చే దారీ లేదు.

మేడమ్ ఆ కాగితం చదివి నా చేతిలో పెట్టింది. "ఇక్కడ సాలీడు ఉంది. నీకు ఇక్కడ పనేముంది?"

"మీకేముంది మేడమ్?"

"నాకూ ఏమీ లేదు. బేసిన్లు కూడా పోయాయి."

నూట అరవై ఒకటో రోజు

పట్టకార్లు, దారం, ఒక పాత కన్ను, రెండు పెట్టెలు. గంగరాజు ఇంజను పడవ అడిగితే ఇంజను సరిగా లేదన్నారు, తెడ్డు పడవే దొరికింది. మొగలిలంక దగ్గరే, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతాం.

రేవు వదిలాక మేడమ్ తెడ్డు అందుకుంది. వద్దన్నాను. చేతికి ఎంత శ్రమ మంచిదో, ఎంతైతే చెడ్డదో ఆవిడకే చెప్పబోయాను. "నాకు తెలుసు, తొడుగు వేసుకున్నాను" అని నాలుగు తెడ్లు వేసింది. పడవ కొంచెం కుడికి తిరిగింది. సర్దుకుని మళ్లీ వేసింది. ఏడేళ్ల తర్వాత ఆ చెయ్యి నీళ్లను వెనక్కి నెడుతుంటే, ఎండలో నీటి తుంపరలు ఆవిడ చీర మీద పడుతున్నాయి. పావుగంట వేసి అలసిపోయి నాకిచ్చింది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టు.

మధ్యాహ్నానికి మొగలిలంక అంచు కనిపించింది. అక్కడ జనం వరసగా నిలబడి ఉన్నారు. చీరలు పిక్కల దాకా ఎత్తి కట్టుకున్న ఆడవాళ్లు, పంచెలు మడిచిన మగవాళ్లు, ఒక చెయ్యిని ఇంకో చేత్తో మోస్తూ ఒకావిడ. పడవ దగ్గరయ్యేకొద్దీ మా ఇద్దరి చేతుల వైపే చూస్తున్నారు.

మేడమ్ లేచి నిలబడి, అంచున ఉన్న గుంజను కుడిచేత్తో పట్టుకుని పడవను దగ్గరికి లాగింది.

"ముందు ఎవరండీ?" అని అడిగింది.